ఉక్రెయిన్ కుటుంబాలకు మా ఊళ్ళో సాయం: తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంస్థ చాలా చిన్నది. ఇంగ్లండులో ఒక మామూలు పట్టణం, చర్చివాళ్ళు తక్కువ అద్దెకిచ్చిన హాలు, ఒక అల్మారా, రెండు పాత ల్యాప్‌టాప్‌లు, గురువారం గురువారం వచ్చే వాలంటీర్లు. మాకున్నది ఇంతే. ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల ఉంటున్న కుటుంబాలకు తోడుగా ఉండటం మా పని. ఈ మధ్య ఇక్కడి తెలుగు కుటుంబాల నుంచి ఫోన్లు, మెసేజ్‌లు ఎక్కువయ్యాయి. అందరూ అడిగేవి దాదాపు అవే కాబట్టి జవాబులు తెలుగులో ఒకచోట పెడుతున్నాం. రూల్స్ అన్నీ ఇంగ్లండువి. స్కాట్లండ్, వేల్స్‌లో కొన్ని వేరుగా ఉంటాయి.

పాత బట్టలు, దుప్పట్లు ఉన్నాయి. ఎక్కడికి తెచ్చివ్వాలి?

తేవద్దండి. 2022లో అవి కావాల్సివచ్చాయి. ఒక్క సూట్‌కేసుతో దిగినవాళ్ళకు కోటు దగ్గర్నుంచి అన్నీ చూశాం. ఇప్పుడు ఆ అవసరం లేదు, అల్మారాలో చోటూ లేదు. వీళ్ళు వచ్చి ఏళ్ళవుతోంది, పిల్లలు ఇక్కడి యాసలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఇవాళ వాళ్ళకు కావాల్సింది అద్దె ఇల్లు, ఆ ఇంటికి షూరిటీ ఉండే మనిషి, చదువుకు తగ్గ ఉద్యోగం, పక్కన కూర్చుని ఫారం నింపించేవాళ్ళు. వస్తువులే ఇవ్వాలనుకుంటే ఛార్జరుతో సహా పనిచేసే ల్యాప్‌టాప్, పిల్లల సైకిల్, మీ పిల్లలకు పొట్టిదైపోయిన స్కూలు బ్లేజర్ తీసుకుంటాం. "వాళ్ళకు ఇదైనా చాల్లెండి" అంటూ చిరుగుల జీన్స్ తెచ్చేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో అకౌంటెంట్లు, పళ్ళ డాక్టర్లు, మ్యూజిక్ టీచర్లు ఉన్నారు. తేరగా వచ్చిందని ఏదైనా తొడుక్కునే మనుషులు కాదు.

వీళ్ళు ఎసైలం తీసుకున్నవాళ్ళా?

ఎక్కువమంది కాదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక బ్రిటన్ వీళ్ళ కోసం ప్రత్యేక వీసాలు తెచ్చింది. ఇక్కడ బంధువులున్నవాళ్ళకు ఫ్యామిలీ స్కీమ్ మార్చి 4న మొదలైంది. ఎవరూ లేనివాళ్ళను ఇక్కడి కుటుంబాలు ఇంట్లో పెట్టుకునే హోమ్స్ ఫర్ ఉక్రెయిన్ స్కీమ్‌కు మార్చి 18 నుంచి అప్లికేషన్లు తీసుకున్నారు. ఈ దారుల్లో దేశం మొత్తానికి రెండు లక్షల మందికి పైగా వచ్చారు. ఫ్యామిలీ స్కీమ్‌ను 2024 ఫిబ్రవరి 19న ఉన్నపళంగా మూసేశారు.

ఈ వీసాతో ఉద్యోగం చేసుకోవచ్చు, పిల్లల్ని బడికి పంపొచ్చు, ఎన్‌హెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ వైద్యంలో) చూపించుకోవచ్చు, యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం కూడా అడగొచ్చు. చిక్కంతా గడువుతోనే.

వీసా గడువు అయిపోతే ఏమవుతుంది? ఐఎల్ఆర్ వస్తుందా?

ఈ వీసాల మీద ఉన్న కాలం ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) లెక్కలోకి రాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద అయిదేళ్ళు లెక్కపెట్టుకున్న మనవాళ్ళకు దీని బరువు వెంటనే అర్థమవుతుంది. వీళ్ళకు లెక్కపెట్టుకోడానికి కూడా ఏమీ లేదు. మొదట మూడేళ్ళు ఇచ్చారు. అది తీరేవాళ్ళ కోసం 2025 ఫిబ్రవరి 4న ఉక్రెయిన్ పర్మిషన్ ఎక్స్‌టెన్షన్ అనే కొత్త స్కీమ్ మొదలుపెట్టి మరో 18 నెలలు ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామని అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించారు. అప్లికేషన్‌కు ఫీజు లేదు, హెల్త్ సర్‌చార్జీ లేదు. కానీ ఉన్న గడువు దాటకముందే పెట్టుకోవాలి.

పొడిగింపు వస్తుందని అందరికీ తెలుసు. అయినా టెన్షన్ తగ్గదు. "మీ వీసా ఇంకో ఎనిమిది నెలలే ఉంది కదా" అనే మాట ఇంటి ఓనరు నుంచి, మేనేజరు నుంచి, కారు లోను ఇచ్చేవాడి నుంచి వినాల్సి వస్తుంది. ఎనిమిదో తరగతి ఈడు పిల్లాడు జీసీఎస్ఈకి (మన పదో తరగతి లాంటి పరీక్షలు) ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేల్చుకోవాలన్నా, రెండేళ్ళ తర్వాత ఏ దేశంలో ఉంటామన్న ప్రశ్న ముందు తేలాలి.

ఈ వీసా విషయాలు నాకు బాగా తెలుసు. వాళ్ళకు సలహా ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. ఇక్కడ అనుమతి లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే. ఆ అనుమతులు చూసే సంస్థను ఇప్పుడు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అంటున్నారు. ల్యాప్‌టాప్ తెరిచి ఇవ్వడం, ఫోటో స్కాన్ చేయడం, ఇంగ్లీషు వాక్యం అర్థం చెప్పడం వరకు మన పని. "నీ కేసులో ఇది పెట్టు, అది పెట్టకు" అన్న దగ్గర ఆగి, అనుమతి ఉన్నవాళ్ళ దగ్గరికి పంపాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి వీసా కథ విని మరొకరికి చెప్పడం మనకు అలవాటే. ఈ హాల్లో ఆ అలవాటు కుదరదు.

మగవాళ్ళు పెద్దగా కనబడరేం?

యుద్ధం మొదలైనప్పటి నుంచి అక్కడ సైనిక చట్టం ఉంది. 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు మామూలుగా దేశం దాటకూడదు. ముగ్గురు అంతకంటే ఎక్కువ పిల్లలున్న తండ్రులకు, ఇంకొన్ని సందర్భాల్లో మినహాయింపు ఉంది. 2025 ఆగస్టు నుంచి 18-22 ఏళ్ళ కుర్రాళ్ళను కూడా దాటనిస్తున్నారు. అందుకే మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా తల్లీ పిల్లలు, అమ్మమ్మలు. "మీ ఆయన ఎక్కడ?" అని మొదటి రోజే అడగకండి.

మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఒక కుటుంబాన్ని పెట్టుకోవచ్చా?

కొత్తగా వీసాకు స్పాన్సర్ కావాలంటే 2024 ఫిబ్రవరి నుంచి బ్రిటిష్ లేదా ఐరిష్ పౌరులై ఉండాలి, లేదంటే ఐఎల్ఆర్ లాంటి శాశ్వత అనుమతి ఉండాలి. ఇప్పటికే ఇక్కడున్న కుటుంబానికి చోటివ్వడం వేరే సంగతి, దానికి ముందు ఊరి పాలన చూసే కౌన్సిల్‌తో మాట్లాడాలి. ఇల్లు మీదే అయితే మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకుకు, ఇన్సూరెన్స్‌కు చెప్పండి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోవాలి. కౌన్సిల్ నుంచి మనిషి వచ్చి గది, పొగ అలారం, మెట్లు చూసిపోతారు. ఇంట్లో 16 ఏళ్ళు దాటిన అందరికీ డీబీఎస్ చెక్ (నేరచరిత్ర పరిశీలన) ఉంటుంది. ఆర్నెల్లకని ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, రాబోతున్నా ముందే చెప్పండి.

అద్దె తీసుకోకూడదు. కరెంటు, గ్యాసు ఖర్చులో న్యాయమైన వాటా అడగొచ్చు. స్పాన్సర్లకు కౌన్సిల్ నెలకు 350 పౌండ్లు ఇస్తుంది, దాని మీద పన్ను ఉండదు. కనీసం ఆరు నెలలకు మాటివ్వాలి. ఆ ఆరు నెలలు మీకు కుదరవనిపిస్తే ఇప్పుడే వద్దనండి. మూడో నెలలో వద్దంటే ఆ తల్లి మళ్ళీ సూట్‌కేసు సర్దుకోవాలి.

మేము పూర్తి శాకాహారులం. వంటింటి దగ్గర ఇబ్బంది రాదా?

వస్తుంది. కానీ మీరు భయపడేంత కాదు. వాళ్ళకు మాంసం, చేపలు మామూలు తిండి. మీ వంటింట్లో వండొద్దని ముందే చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా లోపల మూలిగితేనే గొడవ. అటువైపు వంటల్లో మనం తినగలిగేవీ చాలానే ఉన్నాయి. బంగాళాదుంప తురుముతో వేసే దెరునీ అట్లు, దుంపల కూరో పెరుగు విరుగో లోపల పెట్టి ఉడికించే వరెనికీ కుడుములు, బక్‌వీట్‌తో చేసే హ్రెచ్కా (మనవాళ్ళు కొందరు కుట్టు అంటారు), మాంసం వేయని బోర్ష్ (బీట్‌రూట్ సూపు). అన్నిటి మీదా సోయకూర చల్లుతారు. క్రిస్మస్ ముందు రాత్రి పన్నెండు రకాలు వండుతారు, ఒక్కదాంట్లోనూ మాంసం ఉండదు, చేపలుంటాయి. అందులో మొదటిది కుత్యా: ఉడికించిన గోధుమలు, తేనె, గసగసాలు. మా హాల్లో తెలుగు పెద్దావిడ ఒకరు రుచి చూసి, "ఏలకులు మర్చిపోయారు" అన్నారు. అంతకుమించి వంక పెట్టలేదు.

ఇంట్లోకి వస్తూ చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారు. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు ఇళ్ళకంటే మన ఇళ్ళే వాళ్ళకు సులువు. ఊరగాయలు ఇష్టంగానే తింటారు గానీ వాళ్ళవి ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు. ఆవకాయ మొదటి రోజే వడ్డించకండి.

షూరిటీ అంటే ఏమిటి? సంతకం పెడితే నాకేమైనా ప్రమాదమా?

మాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

స్పాన్సర్ ఇంట్లోంచి బయటపడి సొంతంగా అద్దెకు వెళ్ళడం చాలా కుటుంబాలకు కొండెక్కడమే. ఏజెన్సీలు సాధారణంగా నెల అద్దెకు 30 రెట్లు ఏడాది జీతం చూపించమంటాయి. వెయ్యి పౌండ్ల ఇంటికి 30,000 పౌండ్ల జీతం. కీవ్‌లో ఆఫీసు నడిపినావిడ ఇక్కడ కేర్‌హోమ్‌లో గంటల లెక్కన పనిచేస్తుంటే ఆ అంకె ఎక్కడ వస్తుంది? యూనివర్సల్ క్రెడిట్‌లో ఇంటి కోసం ఇచ్చే భాగానికి ప్రాంతాన్నిబట్టి పరిమితి ఉంది, మార్కెట్ అద్దె దాన్ని దాటేసి చాలాకాలమైంది. జీతం చాలకపోతే బ్రిటన్‌లో ఉండే షూరిటీ కావాలంటారు, ఆయనకు 36 రెట్లు ఉండాలంటారు. ఇక్కడ ఎవరూ లేని మనిషి ఆ 36 రెట్ల మనిషిని ఎక్కడి నుంచి తేవాలి?

ఇంతకుముందు కొందరు అప్పోసప్పో చేసి ఆరు నెలల అద్దె ముందే కట్టేసి ఇల్లు తీసుకునేవాళ్ళు. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఇంగ్లండులో ఒక నెల కంటే ఎక్కువ అద్దె ముందుగా అడగకూడదు. మంచి చట్టమే. కానీ డబ్బు ముందు కట్టే దారి మూసుకుపోతే ఓనర్లు షూరిటీ మీదే పడతారు.

ఇక ప్రమాదం సంగతి. ఉంది. షూరిటీ సంతకం అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎందుకు ఉలిక్కిపడతారో మీకు తెలుసు, చీటీల దగ్గరా బ్యాంకు లోన్ల దగ్గరా కాలినవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. అద్దె కట్టకపోతే మీరు కట్టాలి, ఇంటికి నష్టం జరిగినా మిమ్మల్ని అడగొచ్చు. అదే చట్టంతో గడువు పెట్టిన ఒప్పందాలు పోయి నెలనెలా సాగే ఒప్పందాలు వచ్చాయి కాబట్టి, మీ హామీ కూడా తేదీ లేకుండా సాగిపోయే అవకాశం ఉంది. అందుకని కాగితంలో రెండు విషయాలు రాయించుకోండి: హామీ ఎంత మొత్తం వరకు, ఏ తేదీ వరకు. ఏజెంటు "ఇది స్టాండర్డ్ ఫారం, మార్చడం కుదరదు" అంటాడు. అడిగితే చాలాసార్లు కుదురుతుంది. కొన్ని కౌన్సిళ్ళు ఉక్రెయిన్ కుటుంబాలకు డిపాజిట్, షూరిటీ తామే ఇచ్చే ఏర్పాటు పెట్టాయి, ముందు అక్కడ అడిగి చూస్తాం. డిపాజిట్ అయిదు వారాల అద్దె దాటకూడదు, ఎవరైనా ఎక్కువ అడిగితే మాకు చెప్పండి.

సంతకం పెట్టలేకపోయినా చేయగలిగింది ఉంది. ఇల్లు చూడ్డానికి వాళ్ళతో పాటు వెళ్ళండి. షేర్ కోడ్ (వీసా వివరాలు ఆన్‌లైన్లో చూపించే కోడ్) అంటే ఏమిటో, గడువున్న వీసా అయినా ఇల్లివ్వొచ్చని రూల్స్‌లో ఎక్కడుందో తెలిసిన మనిషి పక్కన నిలబడితే ఏజెంటు గొంతులో మాట మారుతుంది. మీరు ఐటీలో పదేళ్ళుగా ఈ దేశంలో నెగ్గుకొస్తున్నవాళ్ళు, ఈ పని మీకు కొత్త కాదు. అద్దెకివ్వడానికి మీ దగ్గరే ఇల్లు ఉంటే ఇంకేమీ చదవకుండా నేరుగా మాకు ఫోన్ చేయండి.

ఫారాలు నింపడంలో అంత కష్టమేముంది?

ఒక్క ఉదాహరణ. భర్త ఇంటిపేరు కొవాల్స్కీ, భార్యది కొవాల్స్కా. ఒకటే పేరు, ఆడవాళ్ళకు చివర మారుతుంది. జీపీ సర్జరీ (దగ్గర్లోని డాక్టరు క్లినిక్) కంప్యూటర్‌కు వాళ్ళు రెండు కుటుంబాలు. తండ్రి పేరు నుంచి వచ్చే నడిమి పేరు జనన ధ్రువపత్రంలో ఉంటుంది, విదేశీ పాస్‌పోర్టులో ఇంగ్లీషు అక్షరాల్లో ఉండదు. అబ్బాయి పేరు ఒక కాగితంలో ఒలెక్సాండర్, పాతదాంట్లో రష్యన్ పద్ధతిలో అలెగ్జాండర్. ఈ మూడూ ఒకే ఫారంలో కలిస్తే ఆ గురువారం అక్కడే గడిచిపోతుంది. ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలో పడి, ఎయిర్‌పోర్టులో ఎవరో కొత్త పేరుతో పిలిస్తే పలికిన అనుభవం మనకుంది కాబట్టి, ఈ టేబుల్ దగ్గర తెలుగు వాలంటీర్లు బాగా రాణిస్తున్నారు.

నాకు ఇంగ్లీషు తప్ప వాళ్ళ భాష రాదు. రష్యన్ అయితే కాస్త వచ్చు, పర్లేదా?

ఇంగ్లీషు మాట్లాడే మనిషే కావాలి, వాళ్ళు వచ్చేది మాట్లాడటానికే. వీసా కాగితం చదవగలిగి, ఫోన్లో అపాయింట్‌మెంట్ అడగాలంటే చెమటలు పట్టేవాళ్ళు ఎక్కువ. రష్యన్ సంగతి మాత్రం అడిగి మాట్లాడండి. ఖార్కివ్, మరియుపోల్ వైపు చాలామంది ఇంట్లో రష్యనే మాట్లాడుతూ పెరిగారు, యుద్ధం వచ్చాక పట్టుబట్టి ఉక్రేనియన్‌లోకి మారినవాళ్ళూ ఉన్నారు. కొందరికి ఏదైనా ఒకటే, కొందరికి ఆ శబ్దమే పడదు.

మాట్లాడుతుండగా ఎవరి ఫోనైనా సైరన్‌లా అరిస్తే కంగారుపడకండి. వైమానిక దాడి హెచ్చరిక యాప్ అది. మనిషి ఇక్కడున్నా ఫోన్లో సొంత ఊరి అలారం తీసేయరు. ఒకసారి సూపర్‌మార్కెట్ ఇంటర్వ్యూకు ప్రాక్టీసు చేస్తున్నాం. "వై డు యూ వాంట్ టు వర్క్ హియర్" అని నేను అడుగుతుండగానే మోగింది. ఆవిడ తెర చూసి, ఖార్కివ్‌లో ఉన్న అమ్మకు మెసేజ్ పెట్టి, ఫోన్ బోర్లించి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది. వర్తమాన కాలం, క్రియ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూపు మాత్రం బోర్లించిన ఫోన్ మీదే ఉంది. అమ్మ నుంచి జవాబొచ్చాక రెండో ప్రశ్నకు వెళ్ళాం.

యుద్ధం ఇన్నేళ్ళయింది కదా, ప్రశాంతంగా ఉన్న ఊళ్ళకైనా తిరిగి వెళ్ళొచ్చు కదా?

కొందరు వెళ్ళారు. మరియుపోల్ 2022 మే నుంచి రష్యా చేతిలో ఉంది, అక్కడివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? ఖార్కివ్ నుంచి రష్యా సరిహద్దు దాదాపు 30 కిలోమీటర్లు. 2023 జూన్ 6న కఖోవ్కా డ్యామ్ తెగి ఖెర్సన్ వైపు ఊళ్ళు మునిగాయి. పశ్చిమాన ల్వివ్ మీదా క్షిపణులు పడ్డాయి. చలికాలంలో గంటల తరబడి కరెంటు ఉండదు. ఈ ప్రశ్న మాకు వేయండి, వాళ్ళకు వేయకండి.

2022లో సరిహద్దు దగ్గర మన పిల్లల్ని వెనక్కి నెట్టారు కదా. వీళ్ళకు మనమెందుకు చేయాలి?

ఈ మాట నేరుగా అడిగినవాళ్ళు తక్కువ, మనసులో పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ. ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళిన మన తెలుగు పిల్లలు బేస్‌మెంట్లలో తలదాచుకుని, కిక్కిరిసిన రైళ్ళలో సరిహద్దులకు చేరారు. ఫిబ్రవరి 26న ఆపరేషన్ గంగ మొదటి విమానం బుకారెస్ట్ నుంచి బయల్దేరింది. ఆ రోజుల్లో రైళ్ళ దగ్గరా క్యూలలోనూ కొందరిని పక్కకు నెట్టిన మాట నిజమే, దాన్ని కాదనక్కర్లేదు. సరిహద్దు దాటాక ముక్కూ మొహం తెలియని రొమేనియా, పోలండ్ జనం వేడి సూపు, దుప్పటి ఇచ్చిందీ నిజమే. మా హాల్లో కూర్చున్న తల్లి ఆ క్యూని నడిపిన గార్డు కాదు, అదే క్యూలో పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ మనిషి. అయినా మీకు మనసు ఒప్పకపోతే బలవంతమేమీ లేదు.

ఇండియా రష్యాతో స్నేహంగా ఉందని మమ్మల్ని తప్పుపడతారా?

అరుదు. ఎవరైనా అంటే వినండి, చమురు ధరల మీద ఉపన్యాసం మొదలుపెట్టకండి.

ఉక్రెయిన్ వాళ్ళకే ఎందుకు? గాజా, సూడాన్, అఫ్గానిస్తాన్ వాళ్ళ మాటేమిటి?

న్యాయమైన ప్రశ్న. ఇంట్లో పెట్టుకుంటామని ముందుకొస్తే వీసా ఇచ్చే ఇలాంటి స్కీమ్ ప్రభుత్వం సూడాన్ వాళ్ళకు పెట్టలేదు. ఆ తేడా సరైనదని మేము అనుకోవడం లేదు. మా పేరులో ఉక్రెయిన్ ఉంది గానీ హాలు తలుపు దగ్గర పాస్‌పోర్టు అడగం.

చదువుకున్నవాళ్ళు కదా, మంచి ఉద్యోగాలు రావా?

ఇంగ్లీషు ఒక అడ్డం, సర్టిఫికెట్ల గుర్తింపు ఇంకో అడ్డం. డాక్టర్లు ప్లాబ్ (బయటి దేశాల డాక్టర్లకు ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాయాలి. ఆ పరీక్ష దాటివచ్చిన తెలుగు డాక్టర్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, వారానికి ఒక్క గంట ఇచ్చినా చాలు. హైస్కూల్లో లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే టీచర్లు ఇంగ్లండులో అర్హత గుర్తింపుకు నేరుగా అప్లై చేసుకునే దేశాల జాబితాలో ఇండియా ఉంది, ఉక్రెయిన్ కూడా ఉంది. ఆ దారిలో వచ్చిన టీచరు మీ ఇంట్లో ఉంటే మాకు పరిచయం చేయండి. సీవీ దిద్దిపెట్టేవాళ్ళు మాకు చాలామందే ఉన్నారు, ప్లాబ్ రాసినవాళ్ళే దొరకడం లేదు.

పిల్లలు ఎలా ఉన్నారు?

పెద్దవాళ్ళకంటే నయం, పైకి. చాలామంది పగలు ఇక్కడి బడికి వెళ్ళి సాయంత్రం ఆన్‌లైన్లో ఉక్రెయిన్ బడి చదువుతారు. తిరిగి వెళ్ళాల్సివస్తే చదువు తెగకూడదని. రెండు హోంవర్కులు, రెండు పరీక్షలు. శనివారాల్లో ఉక్రేనియన్ బడులున్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చి స్థిరపడ్డ ఉక్రేనియన్లు బ్రాడ్‌ఫర్డ్, నాటింగ్‌హామ్ లాంటిచోట్ల క్లబ్బులు కట్టుకున్నారు, వాటిల్లో ఇప్పుడు కొత్త పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు. మన పిల్లలకు తెలుగు నేర్పే మనబడి శనివారం క్లాసులు చూసినవాళ్ళకు ఆ గోల వేరే చెప్పాలా.

దీపావళికి పిలవొచ్చా?

పిలవండి, సంతోషంగా వస్తారు. టపాసుల టైమ్ మాత్రం ముందే చెప్పండి. ఇక్కడి చట్టం దీపావళి రాత్రి ఒంటిగంట దాకా కాల్చుకోనిస్తుంది. పక్క వీధిలో ఏ కుటుంబం ఉందో తెలిస్తే తొమ్మిదికే ముగించేయండి, చిచ్చుబుడ్లు చాలు.

డబ్బు పంపితే ఎటు పోతుంది? ఇండియా నుంచి పంపొచ్చా?

హాలు అద్దె, బస్ పాసులు, ఇంగ్లీషు పరీక్షల ఫీజులు, అప్పుడప్పుడు డిపాజిట్‌కు తక్కువైన మొత్తం. జీతం తీసుకునేవాళ్ళు లేరు. మీరు ఇక్కడ పన్ను కడుతుంటే గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపండి, ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. ఇండియా నుంచి పంపితే 80జి కింద పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు చార్జీలు పోగా మిగిలేదీ అంతంత మాత్రం. ఆ డబ్బు అక్కడే ఎవరికైనా ఇవ్వడం మేలు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. వాలంటీరుగా రావచ్చా?

ఛారిటీలో వాలంటీరింగ్ చేయొచ్చు. జీతం లేని ఉద్యోగం వేరు, అది మీకు వారానికి అనుమతించిన 20 గంటల పనిలోకి వస్తుంది. మా దగ్గర డ్యూటీ గంటలు, కాంట్రాక్టు ఏమీ ఉండవు కాబట్టి సమస్య రాలేదు. అయినా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక మాట అడిగి రండి.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఏమీ అక్కర్లేదు. ఊరికే రావడం బాగోదనుకుంటే బిస్కెట్లు చాలు. పూలు తెస్తే బేసి సంఖ్యలో ఉండేలా చూడండి, సరి సంఖ్య పూలు వాళ్ళు చావులకే పెడతారు. పది గంటలకు తలుపు తీస్తాం, ఫారాల టేబుల్ కిటికీ పక్కన. పదిన్నర దాటితే కుర్చీ దొరకదు.